లష్కర్ బోనం: కుండ కొన్నప్పటి నుంచి గుడి దాకా

బోనమంటే అమ్మవారికి కుండలో పెట్టి నెత్తిన మోసుకుపోయే అన్నం. వండేది ఇంట్లోనే అయినా, ఎంత బియ్యం పొయ్యాలి, ఎంత కుండ తేవాలి, దీపంలో ఏ నూనె పొయ్యాలి అన్నది దారిని చూసి లెక్కేసుకోవాలి. నెత్తి మీద ఐదు కిలోల బరువు, దాని పైన వెలుగుతున్న దీపం, కాళ్ళకు చెప్పులుండవు, చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. ఇట్లా రెండు మూడు గంటలు నిలబడాలి, నడవాలి. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి అమ్మవారికి మా ఇంటి నుంచి ఏటా బోనం పోతుంది. ముందు మా అత్తమ్మ ఎత్తుకునేది, ఇప్పుడు నేను ఎత్తుకుంటున్నాను. ఈసారి కొత్తగా ఎత్తుకోబోయేవాళ్ళ కోసం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు తేదీల సంగతి. ఆషాఢంలో తొలి బోనం గోల్కొండ జగదాంబికకు. తర్వాత లష్కర్, ఆ పై ఆదివారం లాల్ దర్వాజా సింహవాహిని. 2025లో గోల్కొండలో జూన్ 26 గురువారం మొదలైంది, లష్కర్ బోనాలు జూలై 13 ఆదివారం, భవిష్యవాణి చెప్పే రంగం మరునాడు, లాల్ దర్వాజా జూలై 20. తేదీలు ఏటా మారతాయి, వరుస మాత్రం ఇదే. లష్కర్ అంటే పటాలం. కంటోన్మెంటు సైన్యం వల్ల సికింద్రాబాద్‌కు ఆ పేరు పడింది. ఈ గుడి కథ కూడా పటాలంలోనే మొదలవుతుంది. 1813లో ఊళ్ళో కలరా అంటుకున్నప్పుడు, సైన్యంలో డోలీలు మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో ఉన్నాడని, జబ్బు తగ్గితే అమ్మవారిని మా ఊళ్ళో నిలుపుతానని మొక్కుకున్నాడని, తిరిగొచ్చి 1815లో నిలిపాడని చెప్తారు. భుజాన మోసే మనిషి మొక్కిన మొక్కును మనం నెత్తిన మోస్తున్నామని నాకు ప్రతి ఏడూ గుర్తొస్తుంది.

కుండ పది రోజుల ముందే తెచ్చుకోవాలి. చివరి రెండు రోజుల్లో పోతే మిగిలినవే దొరుకుతాయి. నాలుగు లీటర్లు పట్టేది చాలు, అడుగు గుండ్రంగా ఉండాలి. చదును అడుగున్న కుండ నెత్తి మీది చుట్టబట్టలో కుదురుకోదు, అడుగు వేసినప్పుడల్లా జరుగుతుంది. మెడ కొద్దిగా సన్నగా, అంచు బయటికి తిరిగి ఉంటే చెయ్యి ఆనించడానికి పట్టు దొరుకుతుంది. వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖంగుమంటే బాగా కాలినట్టు, డబ్బుమంటే ఎక్కడో నెర్ర ఉన్నట్టు. దాని మీద ఒక గురిగి, అంటే చిన్న కుండ, గురిగి మీద దీపానికి ఒక కంచుడు కావాలి. ఈ మూడింటినీ అంగడి దగ్గరే ఒకదానిపై ఒకటి పెట్టించి చూడాలి. విడివిడిగా కొంటే గురిగి అడుగు కుండ మూతిలో కూర్చోదు, లేదంటే లోపలికి దిగిపోతుంది.

ఇప్పుడు బజారులో రంగులు పూసి, అద్దాలు అతికించిన కుండలు వరుసగా పేర్చి అమ్ముతున్నారు. చూడటానికి ముచ్చటగానే ఉంటాయి. కానీ ఆయిల్ పెయింటు పూసిన కుండలో వేడి అన్నం పెడితే రంగు వాసన అన్నానికి పడుతుంది, పైన పసుపు నిలవదు, చెమట చేతికి జారుతుంది. నేను ఒక్క ఏడు ఆ కుండ తెచ్చాను. ఆ అన్నం అమ్మవారి ముందు పెట్టడానికి మనసొప్పలేదు, మళ్ళీ వండాను. రంగు పూయని ఎర్రమట్టి కుండే తీసుకోండి. ఇత్తడి బిందె వాడే ఇళ్ళూ ఉన్నాయి. వాళ్ళు అన్నాన్ని బాగా ఆరనిచ్చి పెట్టాలి. ఇత్తడి వేడిని పట్టుకుని నడినెత్తికి పంపిస్తుంది, చుట్టబట్ట ఎంత మందంగా ఉన్నా ఆగదు.

కొత్త కుండను శనివారానికి రెండు రోజుల ముందు నీళ్ళలో మునిగేటట్టు ఒక రాత్రంతా ఉంచాలి. బుడగలు రావడం ఆగేదాకా అది నీళ్ళు తాగుతూనే ఉంటుంది. తెల్లారి నింపి ఒక గంట పొడి గచ్చు మీద పెట్టండి. సన్నగా చెమర్చడం మామూలే, ఒకేచోట చుక్క కట్టిందంటే ఆ కుండ పనికిరాదు. నానబెట్టకపోతే ఇంకో ఇబ్బంది ఉంది. పాలన్నంలోని తడినంతా కుండ పీల్చుకుంటుంది, గుడి దగ్గరికి పోయేసరికి అన్నం గడ్డకట్టి గరిటెకు రాదు.

శనివారం సాయంత్రం పసుపు. ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు. ఆరిన కుండకు పసుపు రాస్తే మట్టి నీటిని లాగేసి పసుపును పొడిగా వదిలేస్తుంది, నడుస్తుంటే మొహం మీద, కళ్ళలో రాలుతుంది. కుండను తడిపి, గుడ్డతో తుడిచి, పైన తడి మెరుపు పోయేదాకా అరగంట ఆగాలి. వంద గ్రాముల పసుపులో రెండు చెంచాల గంజి వేసి, పూరీ పిండి కంటే పలుచగా, దోసె పిండి కంటే చిక్కగా కలిపి అరచేత్తో ఒకే పొర రాయాలి. మందంగా రాస్తే బీటలు వారుతుంది. ఇక బొట్లు. పసుపు మీద తెల్ల బొట్లు కావాలని సున్నం పెట్టకండి. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుంది, పారాణి రంగు వచ్చేది అందుకే. పెట్టినప్పుడు తెల్లగానే ఉంటుంది, చూస్తుండగానే చుట్టూ ఎర్రటి మరక పాకుతుంది. బియ్యపు పిండిని నీళ్ళలో కలిపి అగ్గిపుల్లకు దూది చుట్టి పెట్టండి, తెల్లగా నిలుస్తుంది. కుంకుమ బొట్టు మాత్రం పసుపు పూర్తిగా ఆరాకే పెట్టాలి, లేకపోతే కారుతుంది.

వేపమండలు కూడా శనివారం సాయంత్రమే కోసి, కాడలు నీళ్ళలో ఉండేటట్టు బిందెలో నిలబెట్టాలి. పొద్దున కోసేవి చీకట్లో దొరకవు, ముందు రోజు కోసి నేల మీద పడేసినవి వాడిపోతాయి. జానెడు పొడవున్న రెమ్మలు పదిహేను ఇరవై ఉంటే కుండ మెడ చుట్టూ నిండుగా వస్తాయి. పసుపులో ముంచిన నూలుదారంతో మూడు చుట్లు తిప్పి కట్టాలి, ఆకు కొసలు కిందికి ఉండాలి. పైకి కడితే దీపం సెగకు కమురుతాయి. ఎండిన ఆకు ఒకటి ఉన్నా అంటుకుంటుంది.

చుట్టబట్ట గురించి ఎవరూ చెప్పరు గానీ, బోనం నిలిచేది దాని మీదే. పాత నూలు చీర ముక్క రెండు మీటర్లు తీసుకోండి. నైలాన్, పాలిస్టర్ జారుతాయి. దాన్ని తాడులా మెలిపెట్టి చుట్ట చుట్టాలి. బయటి కొలత జానెడు, మధ్యలో మూడు వేళ్ళు పట్టేంత బొక్క. కొసను లోపలికి దోపితే ఊడదు. నెత్తి మీద పెట్టుకుని మెడ అటూ ఇటూ తిప్పి చూసుకోండి. ఆ రోజు తలకు నూనె పెట్టుకోవద్దు, చుట్టబట్ట జారుతుంది. తలస్నానం చేశాక జుట్టు సగం ఆరనిచ్చి, ముడి మెడ దగ్గర కిందికి వేసుకోవాలి. మల్లెపూలు ఆ ముడికే పెట్టుకోవాలి, చుట్టబట్ట కింద పెడితే నలిగి తడై అది కూడా జారడమే. కొత్తగా ఎత్తుకునేవాళ్ళు శనివారం ఒకసారి కుండలో మూడు లీటర్ల నీళ్ళు పోసి ఇంట్లో పావుగంట నడిచి చూడండి. చూపు ఎదురుగా ఉండాలి, కిందికి చూడగానే కుండ ముందుకు వస్తుంది. అడుగులు చిన్నవి, మోకాళ్ళు కొద్దిగా వదులుగా. మా అత్తమ్మ ఒక్క మాటే చెప్పేది: "కాళ్ళు నడవాలె బిడ్డా, నడుము నడవొద్దు."

ఆదివారం తెల్లవారుజామున రెండున్నరకు లేస్తేనే నాలుగున్నరకు గడప దాటగలం. పొయ్యి, గిన్నెలు కడిగి, స్నానం చేసి ఏమీ తినకుండా వండుతాం. మా ఇంట్లో బెల్లం వేసిన పాలన్నం. కొన్ని ఇళ్ళల్లో పసుపన్నం, ఇంకొన్ని ఇళ్ళల్లో పెరుగన్నంలో ఉల్లిగడ్డ. ఎవరి ఆనవాయితీ వాళ్ళది. మా కొలత ఇది: అర కిలో బియ్యం, లీటరున్నర పాలు, అర లీటరు నీళ్ళు, మూడు వందల యాభై గ్రాముల బెల్లం, నాలుగు యాలకులు. బియ్యం కడిగి ఇరవై నిమిషాలు నానబెట్టి, పాలూ నీళ్ళూ పొంగొచ్చాక పోయాలి. సన్నని మంట మీద అడుగంటకుండా కలుపుతూ, మెతుకు నలిగేదాకా ఉడికించాలి. బెల్లం ఎప్పుడు వేస్తామన్నది అసలు సంగతి. మరిగే పాలలో బెల్లం వేస్తే పాలు విరుగుతాయి, అన్నం నిండా గింజలు గింజలుగా అవుతుంది. బెల్లాన్ని ఓ గ్లాసుడు నీళ్ళలో కరిగించి, ఇసుక పోయేదాకా వడగట్టి ఉంచుకోవాలి. అన్నం దించి పది నిమిషాలు ఆగి, వేలు పెడితే ఓర్చుకునే వేడికి వచ్చాక కలపాలి. బెల్లం పడ్డాక మళ్ళీ పొయ్యి మీద పెట్టకండి.

చల్లారితే పాలన్నం ఇంకా గట్టిపడుతుంది. అందుకని దించేటప్పుడు గరిటె జారేంత వదులుగా ఉండాలి, అప్పుడే గుడి దగ్గర సరిగ్గా ఉంటుంది. మరీ జారుగా ఉంటే మాత్రం ప్రమాదం. కుండలో అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊపు మెడకు తెలుస్తుంది. ఈ కొలతకు రెండు కిలోల పైచిలుకు అన్నం అవుతుంది. నాలుగు లీటర్ల కుండలో సగానికి కొంచెం పైకి వస్తుంది. అంతే ఉండాలి. నిండా పెడితే అమ్మవారికి ఎక్కువ పెట్టినట్టని కొందరనుకుంటారు. బరువు కుండ మెడ దాకా పోయిందంటే పైభాగం ఊగుతుంది, అడుగునే ఉంటే కుదురుగా కూర్చుంటుంది. కుండ రెండు కిలోలు, అన్నం రెండున్నర, గురిగీ కంచుడూ వేపమండలూ కలిపి ఇంకో అర కిలో. ఐదు కిలోలు దాటనివ్వకండి.

అన్నం గోరువెచ్చగా అయ్యాకే కుండలోకి తీయాలి. గురిగిలో బెల్లం కలిపిన నీళ్ళు, నాలుగు వేపాకులు, చిటికెడు పసుపు. ఇది సాకకు, అంటే అమ్మవారి ముందు ధారగా పోయడానికి. ముప్పావు వంతుకే పోయాలి. గురిగి కదలకుండా కుండ మూతి చుట్టూ గట్టిగా కలిపిన గోధుమపిండి ముద్దను తాడులా చేసి పెట్టి, దాని మీద గురిగిని అదిమి కూర్చోబెట్టాలి. కంచుడుకూ అట్లాగే. ఈ పిండి ముద్ద లేకుండా బయల్దేరిన బోనం రోడ్డు మీద ఎవరైనా మోచెయ్యి తగిలిస్తే దీపంతో సహా జారిపోతుంది.

దీపానికి ఆముదం. నువ్వుల నూనె పలుచన, వంగితే ఒలుకుతుంది, తొందరగా అయిపోతుంది. ఆముదం చిక్కగా ఉండి నిదానంగా కాలుతుంది, చిన్న గాలికి తట్టుకుంటుంది. చిటికెన వేలంత మందం వత్తిని ముందు రోజే ఆముదంలో నానేయాలి. కంచుడులో సగానికే నూనె పొయ్యండి. వెంట వచ్చేవాళ్ళ సంచిలో చిన్న సీసాలో ఆముదం, రెండు వత్తులు, అగ్గిపెట్టె, నీళ్ళ సీసా, ఇంకో చుట్టబట్ట, ఒక గొడుగు ఉండాలి. మెడలో గొలుసు ఇంట్లో పెట్టి పసుపు కొమ్ము దారం వేసుకుంటే మనసు నిమ్మళంగా ఉంటుంది. ఫోను కూడా వెంట వచ్చేవాళ్ళ దగ్గరే.

దూరం నుంచి వచ్చేవాళ్ళు ఇంటి నుంచే దీపం వెలిగించి తేలేరు. ఆటోలో కుండను చుట్టబట్ట మీద పెట్టి రెండు మోకాళ్ళ మధ్య పట్టుకోవాలి, గురిగీ కంచుడూ విడిగా తేవాలి. ఆ రోజు గుడి చుట్టుపక్కల రోడ్లలో బండ్లు మళ్ళిస్తారు కాబట్టి ప్యారడైజ్ దగ్గరో ప్యాట్నీ దగ్గరో దిగి, ఒక ఓరన నిలబడి, పిండి ముద్ద పెట్టి, దీపం ముట్టించి అక్కడి నుంచి నడవడమే. ప్యారడైజ్ నుంచి గుడి కిలోమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది.

గడప దాటేటప్పుడు ఇంటివాళ్ళు కాళ్ళ మీద నీళ్ళు పోస్తారు. దారిలో కూడా ఇళ్ళ ముందు ఆడవాళ్ళు చెంబులతో నిలబడి పోస్తారు. బోనం ఎత్తుకున్న మనిషిలో అమ్మవారు ఉంటుందని, ఆమెను చల్లబరచాలని నమ్మకం. దాంతో రోడ్డంతా తడి, తడి సిమెంటు మీద పసుపు, పూలు. అరికాలు జారేది అక్కడే. మడమ కాకుండా పాదం మొత్తం ఒకేసారి ఆనించాలి.

డప్పు వినపడగానే ఒళ్ళు తనంతట తానే ఊగుతుంది. ఆ దెబ్బలో ఉన్న శక్తి అలాంటిది, నాకు ఇప్పటికీ రోమాలు నిక్కబొడుచుకుంటాయి. కానీ కొత్తవాళ్ళు డప్పు గుంపుకు పది అడుగులు వెనక నడవాలి, పక్కన కాదు. అమ్మవారి తమ్ముడి వేషంలో ఉండే పోతరాజు కొరడా ఝళిపిస్తూ వస్తే జనం ఒక్కసారిగా వెనక్కి తోసుకుంటారు. కొరడా కంటే ఆ తోపుడుతోనే బోనానికి ప్రమాదం. ముందే గోడవైపు జరిగి, కుడిచెయ్యి కుండ మెడ మీద, ముందు మనిషి మీద పడకుండా ఎడమచెయ్యి అడ్డంగా పెట్టుకుని ఆగండి, ఆయన దాటిపోయాక కదలండి. చినుకు పడితే వెనక నడిచే మనిషి గొడుగు పట్టాలి. దీపం ఆరితే గాబరా పడకండి. పక్క బోనం దీపం నుంచి ముట్టించుకోవచ్చు. ఆ మాట అడిగితే కాదనేవాళ్ళను నేను లష్కర్‌లో చూడలేదు.

బాటా చౌరస్తా, రాంగోపాల్‌పేట, టొబాకో బజార్, సుభాష్ రోడ్ వైపుల నుంచి వరుసలు వస్తాయి. బోనాలకు వేరే వరుస ఉంటుంది, దర్శనం వరుసలో నిలబడి గంట పోగొట్టుకోకుండా ముందే వాలంటీర్లను అడగాలి. తెల్లవారుజామున ఐదు లోపల చేరితే గంట గంటన్నరలో అయిపోతుంది. పొద్దెక్కితే లెక్క చెప్పలేం. వీఐపీలు దర్శనానికి వచ్చినప్పుడల్లా వరుస నిలిచిపోతుంది. నడక కంటే నిలబడటమే కష్టం. నడుస్తుంటే బరువు సర్దుకుంటుంది, నిలబడితే మెడ వెనక నరం గుంజుతుంది. పది నిమిషాలకోసారి ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చండి. మరీ కష్టమైతే ఆడబిడ్డకో, కూతురికో నెత్తి మార్చుకోండి. అందుకే రెండో చుట్టబట్ట. బోనాన్ని నేల మీద దించం. మార్చుకునేటప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, మూడో మనిషి దీపాన్ని చూసుకుంటూ కుండ అడుగు పట్టుకోవాలి.

గర్భగుడి ముందు మీకు దొరికేది అర నిమిషం. ముందే గురిగి మూడో మనిషి చేతికి ఇచ్చేస్తే, సాక పోయడం, కుండలో అన్నం తీసి ఆకులో పెట్టడం చకచకా అవుతాయి. అక్కడివాళ్ళు కొంత అన్నం తీసుకుని కుండ తిరిగి ఇచ్చేస్తారు. పిండి ముద్ద గట్టిపడి గురిగి ఊడకపోతే బలంగా లాగకండి, తడి వేలితో అంచు చుట్టూ తిప్పితే వదులుతుంది. నేను మొక్కు ఏమి చెప్పుకోవాలో వరుసలోనే నిశ్చయించుకుంటాను. అమ్మ మొహం కనపడ్డాక మాట రాదు.

బయటికి వచ్చాక జనరల్ బజార్ అంతా జాతర. గాజులు, పసుపు కుంకుమ, పిల్లలకు బుడగలు, బూరలు, కాల్చిన మక్క కంకులు, మిరపకాయ బజ్జీలు. పిల్లలుంటే ఒక కాగితం మీద ఫోను నంబరు రాసి జేబులో పెట్టండి. గాజులు కొనేవాళ్ళు సాయంత్రం దాకా ఆగకుండా పొద్దునే కొనాలి, సాయంత్రం అమ్మవారికి నైవేద్యం తెచ్చే ఫలహారం బండ్లు, తొట్టెల ఊరేగింపులు మొదలయ్యాక అంగళ్ళ ముందు నిలబడే చోటు ఉండదు. తొట్టెలను దగ్గర నుంచి చూడాలంటే అవి సందులోంచి మలుపు తిరిగే చోట నిలబడండి. సన్నటి వెదురు బద్దలు, రంగు కాగితాలతో కట్టినవి అవి. మలుపులో కరెంటు తీగలు తగలకుండా కర్రతో తీగను పైకెత్తి పట్టుకునే కుర్రాళ్ళ నేర్పు చూడాల్సిందే.

సోమవారం పొద్దున రంగం. పచ్చి కుండ మీద నిలబడి జోగిని భవిష్యవాణి చెబుతుంది. వానలు, పంటలు, జబ్బులు. గుడి లోపలికి అందరికీ చోటు దొరకదు, బయట మైకులో వినపడుతుంది. తర్వాత గావు, అంటే బలి, ఆ పైన ఏనుగు అంబారీ మీద అమ్మవారి ఊరేగింపు. ఉద్యోగాలకు పోయేవాళ్ళు సెలవు ముందే పెట్టుకోండి.

ఇంటికి తెచ్చిన పాలన్నం మధ్యాహ్నం లోపలే అందరికీ పంచి తినేయాలి. ఆషాఢం ఉక్కకు పాలన్నం సాయంత్రానికి పులిసిపోతుంది, పసిపిల్లలకు పొద్దెక్కాక పెట్టొద్దు. కుండ అడుగున అంటుకున్న అన్నాన్ని గీకకండి, నీళ్ళు పోసి గంట నాననిస్తే అదే వస్తుంది. సబ్బు పెట్టకూడదు, మట్టి సబ్బును పీల్చుకుంటుంది. కడిగి రెండు రోజులు నీడన ఆరబెట్టాక కొందరు వచ్చే ఏడు కోసం దాస్తారు. మేము మాత్రం దాన్ని మేడ మీద చెట్టు నీడలో పెట్టి పిట్టలకు నీళ్ళు పోస్తాం. మెడకు కట్టిన పసుపు దారం ఊడిపోయేదాకా అట్లాగే ఉంటుంది.